సరుగుడు నీడ: ఫ్లోరిడా తీరంలో తెగని తగువు

2004 ఆగస్టు 13న చార్లీ హరికేన్ గంటకు 240 కిలోమీటర్ల గాలితో ఫ్లోరిడా పడమటి తీరాన్ని తాకింది. శానిబెల్ దీవికి పెద్ద రోడ్డు పెరివింకిల్ వే. దాని మీద పందిరిలా కమ్ముకున్న సరుగుడు చెట్లు వేళ్లతో సహా లేచివచ్చి రోడ్డుకు అడ్డంగా పడ్డాయి. కరెంటు తీగలు వాటి కింద నలిగిపోయాయి. గాలికి ముందే ఇళ్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్లు, మొద్దులు కోసి దారి చేసేదాకా రోజుల తరబడి దీవికి తిరిగి రాలేకపోయారు. అంతవరకూ ఊరికి అందమంటే ఆ చెట్లే. వాటిని ఉంచాలా, కొట్టేయాలా అన్నదే ఫ్లోరిడా తగువు.

అక్కడివాళ్లు దీన్ని ఆస్ట్రేలియన్ పైన్ అంటారు. నిజానికి ఇది పైన్ జాతి కానే కాదు, మన కోస్తా ఇసుక నేలల్లో కనిపించే సరుగుడే. సూదుల్లా వేలాడేవి ఆకులు కావు, సన్నటి రెమ్మలు. కణుపు కణుపుకీ పొలుసుల్లా అంటుకుని ఉండేవే ఆకులు. మన దగ్గర కర్రకో, కాగితపు గుజ్జుకో నాలుగైదేళ్లకే కొట్టేస్తారు కాబట్టి అది ఎంత ఎత్తు పెరగగలదో చూసినవాళ్లు తక్కువ. ఫ్లోరిడాలో దాన్ని ఎవరూ కొట్టలేదు. వందడుగులు లేచింది. తగువులో సగం ఆ ఎత్తు తెచ్చిపెట్టిందే.

వింతేమిటంటే, దాన్ని అక్కడికి తెచ్చిందే గాలిని అడ్డుకోవడానికి. 1800ల చివర్లో దక్షిణ ఫ్లోరిడాలో పొలాల గట్ల మీద, కాలవల వెంట, ఇళ్ల చుట్టూ గాలి తెరగా నాటారు. ఉప్పు గాలిని తట్టుకుంటుంది, ఏటా ఐదడుగులకు పైగా పెరుగుతుంది, వేళ్లలోని సూక్ష్మజీవుల సాయంతో నత్రజనిని తానే సమకూర్చుకుంటుంది గనక ఉత్త ఇసుకలోనూ బతుకుతుంది. 1920ల్లో స్థలాల వ్యాపారం ఊపందుకుంది. నీళ్ల అడుగు నుంచి ఇసుక తోడిపోసి ప్లాట్లు వేసేవాళ్లకు, నాలుగేళ్లలో నీడనిచ్చే చెట్టు అంతకంటే మంచిది దొరకలేదు. ఒక తరం నాటింది, మరో రెండు తరాలు దాని కిందే పెరిగాయి. ఆ చెట్టు పరాయిదని ఇప్పుడు వాళ్లకు చెబితే కోపం రాక ఏమవుతుంది?

శాస్త్రవేత్తల ఫిర్యాదు మొదట తుఫాను గురించి కాదు. రెక్కల గింజలు గాలికి ఎగిరి ఖాళీగా ఉన్న ప్రతి తీరాన్నీ పట్టాయి. రాలిన రెమ్మలు పరుపులా పేరుకుని కింద మరో మొక్కను లేవనివ్వవు. సముద్రపు తాబేళ్లు, అమెరికా మొసళ్లు గుడ్లు పెట్టుకోవడానికి గుంటలు తవ్వుకునే ఇసుకలో వేళ్లు వలలా అల్లుకుపోతాయి. గాలి సంగతి తరవాత తేలింది. దక్షిణ ఫ్లోరిడాలో పైన పలచటి మట్టి, కింద సున్నపురాయి, కాస్త తవ్వితే నీళ్లు. వేళ్లు లోతుకు దిగలేక పక్కలకు పాకుతాయి. వందడుగుల మానుకు పళ్లెం లాంటి పునాది అన్నమాట. అది పడితే ఊరికే పడదు, గట్టు ఇసుకనీ పెళ్లగించుకుని పడుతుంది. తీరం కోత ఆపుతుందనుకున్న చెట్టే కోతకు దారి తీస్తుంది.

1992 ఆగస్టు 24న ఆండ్రూ హరికేన్ ఈ సంగతిని ఒక్క పూటలో తేల్చింది. మయామీ పక్కన కీ బిస్కేన్ దీవి కొసన కేప్ ఫ్లోరిడా పార్కును నింపేసిన సరుగుడు తోపు దాదాపు మొత్తం నేలకూలింది. ప్రభుత్వం అక్కడ స్థానిక జాతులను నాటించింది. పెద్ద గొడవ లేదు, ఎందుకంటే కొట్టింది మనిషి కాదు. ఆ దశకంలోనే రాష్ట్ర చట్టం ఈ చెట్టును అనుమతి లేకుండా అమ్మడాన్నీ పెంచడాన్నీ నిషేధించింది.

అసలు గొడవ ఫ్లోరిడా దక్షిణ కొసన ఉన్న కీ వెస్ట్ దీవిలో జరిగింది. ఫోర్ట్ జాకరీ టేలర్ పార్కు బీచ్‌లో ఎండకు తలదాచుకోవాలంటే సరుగుడు నీడే దిక్కు. 2000ల మధ్యలో పార్కు అధికారులు వాటిని తొలగిస్తామనగానే, చెట్లను కాపాడుకుందామంటూ ఊరివాళ్లు సంఘం కట్టారు. ఆ నేలలో ఎక్కువ భాగం సముద్రం అడుగు నుంచి తోడి పోసిన మట్టి. నేలే మనిషి పోసిందైతే అక్కడ ‘సహజ వనం’ తిరిగి తేవడమంటే ఏమిటన్న ప్రశ్నకు తేలికైన జవాబు లేదు. ఇంకో వాదన మరీ సూటిది: ఇవాళ కొట్టేస్తే మీరు నాటే మొక్క నీడనిచ్చేది ఎప్పుడు? ఆకుపచ్చ ప్రేమికులందరూ ఒక పక్కన, మొండివాళ్లంతా మరో పక్కన ఉన్న తగువు కాదిది. రెండు వైపులా చెట్లంటే ఇష్టమున్నవాళ్లే. ఒక్కసారిగా నరికే ఆలోచన ఆగిపోయింది, బీచ్‌లో సరుగుడు మిగిలింది. 2017 సెప్టెంబరులో ఇర్మా హరికేన్ వచ్చి కొన్నింటిని తానే కూల్చింది.

నాకైతే అధికారుల లెక్కే సబబనిపిస్తుంది, తొందర మాత్రం తప్పు. ముందు నాటి, నీడ వచ్చాక కొట్టే పద్ధతికి పదేళ్లు పడుతుంది. ఏ కార్యాలయానికీ పదేళ్ల ఓపిక ఉండదు, ఆ ఓపిక లేకే ఊరు అడ్డం తిరుగుతుంది.

చట్టమూ అన్నిచోట్లా ఒకే మాట మీద లేదు. తూర్పు తీరంలో గల్ఫ్ స్ట్రీమ్ అనే చిన్న ఊళ్లో ఏ1ఏ రోడ్డుకు ఇరువైపులా ఉన్న పాత సరుగుడు సాలు చారిత్రక సొత్తుగా రక్షణ పొందింది. నారింజ రైతులది మరో కథ. 2004, 2005 హరికేన్ల గాలివానకు గజ్జి తెగులు తోటల నిండా పాకడంతో గాలి తెరలు కావాలని అడిగారు. ఇండియన్ రివర్, సెయింట్ లూసీ, మార్టిన్ కౌంటీల్లో సరుగుడులోనే మరో జాతిని, అదీ గింజ కట్టని మగ చెట్లను మాత్రమే, అనుమతి తీసుకుని నాటుకోవచ్చన్నారు. నూరేళ్ల కింద ఏ పనికి తెచ్చారో మళ్లీ ఆ పనికే.

హరికేన్ల తరవాత చెట్లను పరిశీలించిన ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు రెండు సంగతులు చెప్పారు. దక్షిణ ఫ్లోరిడాలో స్థానిక జాతులు పరాయి వాటికంటే బాగా తట్టుకున్నాయి. గుంపుగా ఉన్న చెట్లు ఒంటరి చెట్లకంటే ఎక్కువగా నిలబడ్డాయి. ఈ రెండో మాట కొట్టేవాళ్లకూ పనికొస్తుంది: తోపులో సగం తీసి సగం వదిలితే, మిగిలినవి విడిగా గాలికి ఎదురు నిలవాలి.

శానిబెల్ చార్లీ తరవాత పెరివింకిల్ వేలో సరుగుడు మళ్లీ నాటలేదు, స్థానిక చెట్లనే ఎంచుకుంది. సొంత స్థలాల్లో పాత చెట్ల సంగతి వేరు. కొత్తగా కట్టడం మొదలుపెడితే తీసేయాలన్న నిబంధన చాలా స్థానిక సంస్థల్లో ఉంది. కట్టనివాళ్ల పెరట్లో అది అలాగే పెరుగుతోంది, పక్కింటి కప్పు మీదికి వాలి.