మాత్ర రంగు మారింది, మరి మందు?

కిందటేడాది ఒక రాత్రి పది దాటాక మా పిన్ని కూతురు ఖమ్మం నుంచి ఫోన్ చేసింది. నేను ఫార్మసీ చదివానని మా చుట్టాల్లో ఎవరికి మందుల మీద అనుమానం వచ్చినా నాకే ఫోన్ వస్తుంది. "అన్నయ్యా, ఈసారి షాపులో వేరే కంపెనీ మాత్రలు ఇచ్చాడు. ఇదేంటని అడిగితే 'మందు అదేనమ్మా, కంపెనీయే వేరు' అన్నాడు. తెల్లగా ఉండేవి, ఇప్పుడు లేత పసుపు. వేసుకోనా, వద్దా?" వెంటనే వాట్సాప్‌లో రెండు ఫొటోలు వచ్చాయి. రెండు స్ట్రిప్పుల మీదా ఒకటే పేరు: లామోట్రిజిన్, 100 మిల్లీగ్రాములు.

తనకు బైపోలార్ ఉంది, అంటే మనసు కొన్నాళ్లు అతి ఉత్సాహంలోకి, కొన్నాళ్లు డిప్రెషన్‌లోకి ఊగిపోయే జబ్బు. ఆరేళ్లుగా ఈ మందు మీదే నిలకడగా ఉంది. ఉద్యోగం చేసుకుంటోంది, పిల్లాణ్ణి చూసుకుంటోంది. నాకు టెన్షన్ పుట్టించింది మాత్ర రంగు కాదు. మాటల మధ్యలో తను అన్న ఇంకో మాట: "అనుమానమొచ్చి రెండు రోజులుగా అసలు వేసుకోలేదు."

లామోట్రిజిన్ మొదట ఫిట్స్ మందుగా వచ్చింది. మెదడు కణాల గోడల్లో సోడియం వచ్చిపోయే సన్నని ద్వారాలుంటాయి. కణాలు ఒకదాన్ని చూసి ఒకటి అదుపు తప్పి మోగిపోతున్నప్పుడు ఈ మందు ఆ ద్వారాలను కాసేపు పట్టి ఉంచి ఉద్ధృతిని తగ్గిస్తుంది. అమెరికాలో లామిక్టల్ అనే పేరుతో 1994లో మూర్ఛకు అనుమతి వచ్చింది. బైపోలార్ ఉన్నవాళ్లు మళ్లీ మళ్లీ డిప్రెషన్‌లోకి జారిపోకుండా ఇది కాపాడుతుందని తేలాక 2003లో దానికి కూడా అనుమతించారు. ఆ దేశంలో 2008 నుంచి దీని జెనరిక్ మాత్రలు, అంటే అదే మందుతో వేరే కంపెనీలు చేసేవి, పెద్ద ఎత్తున దొరుకుతున్నాయి. అక్కడున్న మనవాళ్లు మందు సీసా మీద చిన్న అక్షరాలు చదివితే హైదరాబాద్ కంపెనీ పేరు కనపడటం మామూలే.

ఈ మందుతో ఒక పెద్ద జాగ్రత్త ఉంది. దీన్ని ఒక్కసారిగా పూర్తి డోసులో మొదలుపెట్టకూడదు. మామూలుగా రెండు వారాలు రోజుకు 25 మిల్లీగ్రాములు, తర్వాత రెండు వారాలు 50, ఆపైన మెల్లగా పెంచుకుంటూ పోతారు. తొందరపడితే కొద్దిమందికి ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి. అవి ముదిరితే స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ అనే స్థితి రావచ్చు. అందులో నోట్లో, కళ్లలో పుండ్లు పడతాయి, చర్మం ఊడిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. మందును కొన్నాళ్లు ఆపి మళ్లీ వేసుకున్నా ఇదే లెక్క. ఇదొక్కటే వాడితే రక్తంలో లామోట్రిజిన్ సగానికి తగ్గడానికి సుమారు 25 నుంచి 33 గంటలు పడుతుంది. ఇలాంటి 'సగాలు' ఐదు గడిచేంత కాలం ఆపితే, అంటే రమారమి ఐదారు రోజులు ఆపితే, మళ్లీ 25 నుంచే మొదలుపెట్టాలి. కార్బమజిపీన్ లాంటి ఇంకో ఫిట్స్ మందు కూడా తోడుగా వాడేవాళ్లలో ఇది ఇంకా వేగంగా కరిగిపోతుంది కాబట్టి వాళ్లకు మూడు రోజులే గడువు. మా చెల్లి రెండు రోజుల దగ్గర ఫోన్ చేసింది. ఇంకో నాలుగు రోజులు ఆలోచించుకుంటూ కూర్చుని ఉంటే ఆరేళ్ల కిందటి మొదటి మెట్టు దగ్గరికి పోయేది. పైగా మళ్లీ పూర్తి డోసు చేరేదాకా కాపాడే మందు ఒంట్లో చాలినంత ఉండేది కాదు.

సరే, తను అడిగిన అసలు ప్రశ్నకు వద్దాం. రెండు కంపెనీల మాత్రలు నిజంగా ఒకటేనా?

'జెనరిక్ మందులకు పవర్ ఉండదు' అని మనవాళ్లు అలవాటుగా అంటుంటారు. దానికి తోడు ఒక పుకారు కూడా ఉంది: అసలు మందుతో పోలిస్తే 80 నుంచి 125 శాతం మధ్యలో ఎక్కడున్నా చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి ఒక మాత్రకూ ఇంకో మాత్రకూ 45 శాతం తేడా ఉండొచ్చని. ఇది చదువుకున్నవాళ్లు కూడా నమ్మేది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

జెనరిక్‌ను పరీక్షించడానికి సాధారణంగా రెండు మూడు డజన్ల మంది ఆరోగ్యవంతులను తీసుకుంటారు. ఒకసారి అసలు మందు, అంటే మొదట తెచ్చిన కంపెనీది, ఇచ్చి గంటగంటకూ రక్తం తీస్తారు. ఒంట్లోంచి అది పూర్తిగా పోయేదాకా ఆగి, జెనరిక్ ఇచ్చి మళ్లీ అంతే. రక్తంలో మందు ముందు పెరుగుతుంది, ఒక శిఖరం చేరుతుంది, తర్వాత తగ్గుతుంది. ఆ శిఖరం ఎంత ఎత్తు, మొత్తం మీద ఎంత మందు రక్తంలోకి చేరింది అనే రెండింటినీ పోలుస్తారు. ఇక్కడే కిటుకుంది. 80 నుంచి 125 మధ్యలో ఉండాల్సింది సగటు కాదు. ఇంత తక్కువ మందితో చేసిన లెక్కలో కొంత ఊగిసలాట ఉంటుంది కదా, దాన్ని కలుపుకుని సగటుకు అటూ ఇటూ ఒక పరిధి గీస్తారు. ఆ పరిధి రెండు కొసలూ 80కి పైన, 125కి లోపల పడాలి. సగటు 100 దగ్గర ఉంటే 93 నుంచి 107 దాకా పరుచుకున్నా ఇబ్బంది లేదు. సగటు 85 అయితే కింది కొస దాదాపు ఎప్పుడూ 80 దాటి కిందికి పోతుంది, ఆ మాత్ర తప్పిపోతుంది. అంటే పరీక్ష నెగ్గాలంటే అసలు మందుకు బాగా దగ్గరగా ఉండి తీరాలి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు 12 ఏళ్లలో వచ్చిన 2,070 పరీక్షల్ని కలిపి 2009లో లెక్క ప్రకటించారు. మొత్తం మందులో సగటు తేడా 3.56 శాతం, శిఖరంలో 4.35 శాతం. 45 ఎక్కడ, నాలుగు ఎక్కడ!

అయినా ఒక న్యాయమైన అనుమానం మిగులుతుంది. ప్రతి జెనరిక్‌నూ అసలు మందుతోనే పోలుస్తారు, ఒక జెనరిక్‌ను ఇంకో జెనరిక్‌తో పోల్చరు. ఒకటి కాస్త తక్కువ వైపు, ఇంకోటి కాస్త ఎక్కువ వైపు ఉంటే? పైగా పరీక్ష జరిగేది ఆరోగ్యవంతుల మీద, ఒక్క డోసుతో. రోజూ రెండు మూడు రకాల మందులు వేసుకునే ఫిట్స్ పేషెంట్ సంగతేమిటి? మూర్ఛ నిపుణులు చాలామంది ఈ కారణంతోనే ఏళ్ల తరబడి కంపెనీ మార్పిడిని వ్యతిరేకించారు.

ఆ అనుమానాన్ని తీర్చడానికి లామోట్రిజిన్ మీదే అమెరికాలో మంచి పరీక్షలు జరిగాయి. 2015లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏరికోరి, జెనరిక్ పడదనుకునే పేషెంట్లనే తీసుకుని అసలు మందునూ జెనరిక్‌నూ మార్చి మార్చి ఇచ్చారు. రక్తంలో తేడా కనపడలేదు. మరుసటి ఏడాది ప్రచురించిన ఈక్విజెన్ అనే పరీక్ష నాకు మరీ నచ్చింది. సిన్సినాటి విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ ప్రివిటెరా బృందం మార్కెట్లో ఉన్న లామోట్రిజిన్ జెనరిక్‌లలో ఒకదానికొకటి ఎక్కువ తేడాగా కనిపించిన రెండింటిని వెతికి పట్టుకుంది. 33 మంది ఫిట్స్ పేషెంట్లకు ఏది ఇస్తున్నారో తెలియనీయకుండా, రెండేసి వారాల చొప్పున నాలుగు విడతలుగా వాటిని మార్చి మార్చి ఇచ్చింది. రెండు మాత్రలూ రక్తంలో ఒకేలా నడిచాయి, ఫిట్స్ పెరగలేదు. తేడా దొరకడానికి ఎక్కువ అవకాశమున్న చోట వెతికినా దొరకలేదంటే ఆ ఫలితానికి బరువు ఎక్కువ.

ఇంతమాత్రాన జనం భయం వట్టిదేనని నేను అనను. దాని వెనక నిజంగా జరిగిన సంగతులున్నాయి. 1968 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో ఫెనిటాయిన్ అనే ఫిట్స్ మందు వాడేవాళ్లకు ఉన్నట్టుండి నడక తూలడం, చూపు మసకబారడం మొదలైంది. డోసు ఒక్క మిల్లీగ్రాము కూడా మారలేదు. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, క్యాప్సూల్ నింపడానికి వాడే పొడిని మార్చారు. అంతకుముందు కాల్షియం సల్ఫేట్, ఇప్పుడు పాలచక్కెర, అంటే లాక్టోజ్. కాల్షియం సల్ఫేట్ మందులో కొంత భాగాన్ని పట్టి ఉంచేది. అది పోవడంతో మందంతా రక్తంలోకి వచ్చేసింది. ఫెనిటాయిన్ విషయంలో డోసు కాస్త పెరిగితే రక్తంలో అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. మాత్రలో 'ఉత్త పిండి' అనుకునేది అంత పని చేసింది. ఇంకోటి ఇటీవలిది. బుప్రోపియాన్ అనే డిప్రెషన్ మందులో, మెల్లగా కరిగే 300 మిల్లీగ్రాముల జెనరిక్ ఒకటి పనిచేయడం లేదని అమెరికా పేషెంట్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. దానికి అనుమతి ఇచ్చినప్పుడు 150 మాత్ర మీద చేసిన పరీక్షనే 300కీ సరిపెట్టుకున్నారు. చివరికి ఎఫ్‌డీఏ తానే 300ను పరీక్షించి, అది అసలు మందుకు సమానం కాదని 2012లో ఒప్పుకుంది. పేషెంట్లు చెప్పిందే నిజమైంది. అందుకే 'అంతా మీ భ్రమ' అని డాక్టర్ గానీ షాపువాడు గానీ కొట్టిపారేస్తే నాకు కోపం వస్తుంది.

మన దగ్గర లెక్క కొంచెం వేరు. మనం 'బ్రాండ్' అనుకుని కొనే లామోట్రిజిన్ స్ట్రిప్పులు దాదాపు అన్నీ పేరు తగిలించుకున్న జెనరిక్‌లే. కాబట్టి మన షాపుల్లో జరిగేది ఒక జెనరిక్ నుంచి ఇంకో జెనరిక్‌కు మారడమే. నీళ్లలో సులువుగా కరగని మందుల్లో లామోట్రిజిన్ ఒకటి. ఇలాంటి వాటిలోనే తయారీ తేడా రక్తందాకా వెళ్లే ప్రమాదం ఎక్కువ. కానీ మన దేశంలో ఈ రకం మాత్రల లైసెన్సుకు పైన చెప్పిన రక్తపరీక్షను తప్పనిసరి చేసింది 2017 ఏప్రిల్‌లోనే. అంతకుముందు, ఒక మందు దేశంలోకి వచ్చి నాలుగేళ్లు దాటాక రాష్ట్ర అధికారులు ఆ పరీక్ష లేకుండానే లైసెన్స్ ఇవ్వగలిగేవారు. అమెరికా పరీక్షల్లో నెగ్గిన మాత్రల గురించి చెప్పిన ధీమాను మన షాపులోని ప్రతి స్ట్రిప్పుకూ అలాగే అంటగట్టలేం. బ్రిటన్ వాళ్లు 2013లో ఫిట్స్ మందుల్ని మూడు వర్గాలు చేశారు. ఫెనిటాయిన్, కార్బమజిపీన్ లాంటివి కంపెనీ మార్చకూడనివి. లెవెటిరాసెటమ్ లాంటివి మార్చినా ఫరవాలేనివి. లామోట్రిజిన్‌ను మధ్యలో పెట్టి, పేషెంట్‌ను బట్టి డాక్టర్ తేల్చుకోవాలన్నారు. నాకు ఇది సబబుగా తోస్తుంది.

మా చెల్లి ఫొటోలను పెద్దవి చేసి నేను ముందు చూసింది కంపెనీ పేరు కాదు. మందు పేరు కింద 'ఓడీ' అనో 'ఎక్స్ఆర్' అనో ఉందా? అది మెల్లగా కరిగే మాత్ర. మామూలుదానికి బదులు అది చేతికొస్తే, మారింది కంపెనీ ఒక్కటే కాదు. 100కు బదులు 50 గానీ 200 గానీ ఇచ్చారా? పేరు లామోట్రిజినేనా, లామివుడినా? రెండోది హెచ్‌ఐవీ మందు. ఈ రెండు పేర్లూ తారుమారవుతాయని అమెరికాలో లామిక్టల్ సమాచార పత్రంలోనే హెచ్చరిక ఉంది. తనకు ఇచ్చినవి అన్నీ సరిగానే ఉన్నాయి.

తర్వాత ఒక ప్రశ్న అడిగాను. "ఈ మధ్య కొత్తగా ఏదైనా మందు మొదలుపెట్టావా?" ఎందుకంటే పరీక్ష నెగ్గిన కంపెనీల మధ్య తేడా నాలుగైదు శాతమైతే, ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్ర మొదలుపెడితే రక్తంలో లామోట్రిజిన్ దాదాపు సగానికి పడిపోతుంది. గర్భం వచ్చినా బాగా తగ్గుతుంది. ఫిట్స్‌కూ బైపోలార్‌కూ వాడే వాల్‌ప్రోయేట్ తోడైతే ఇది ఒంట్లో రెట్టింపు కాలం నిలుస్తుంది. ఇంత పెద్ద మార్పుల గురించి ఎవరూ అడగరు, రంగు మారితే మాత్రం ఇంటిల్లిపాదీ కంగారుపడతారు.

అలాగని రంగు లెక్కలోకి రానిదేమీ కాదు. 2013లో హార్వర్డ్ వాళ్లు ఫిట్స్ మందులు వాడేవాళ్ల కొనుగోలు వివరాలు తిరగేశారు. మందు మధ్యలో ఆపేసినవాళ్లలో, అంతకుముందు మాత్ర రంగు మారి ఉండే అవకాశం మిగతావాళ్లకంటే 27 శాతం ఎక్కువగా కనిపించింది. ఆ బృందమే 2016లో ఇంకో సంగతి బయటపెట్టింది. కొత్తగా మాత్రలు తెచ్చుకున్న రోజుల్లో, కంపెనీ మారినా మారకపోయినా, ఫిట్స్‌తో ఆస్పత్రికి వెళ్లడం కాస్త పెరుగుతుంది. పాతవి అయిపోయి కొత్తవి తెచ్చుకునేలోగా ఒకటి రెండు డోసులు తప్పడం ఒక కారణం కావచ్చని నా ఊహ. మా చెల్లికి జరగబోయిందీ అదే.

ఆ రాత్రే తన డాక్టర్‌కు మెసేజ్ పెట్టమన్నాను. రెండు రోజులే కాబట్టి పాత డోసే కొనసాగించమని, దద్దుర్లు గానీ జ్వరం గానీ వస్తే వెంటనే రమ్మని ఆయన జవాబిచ్చారు. వీలైనంత వరకు ఒకే కంపెనీ ఉండేలా చీటీ మీద కంపెనీ పేరు కూడా రాసిచ్చారు. ఇక మిగిలింది షాపు కత్తెర. పది మాత్రల స్ట్రిప్పులో ఆరు కావాలంటే కత్తిరించి ఇస్తారు, కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, తేదీ ఉన్న ముక్క వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. ఏం వేసుకుంటున్నామో మనకే తెలియదు. ఇప్పుడు తను పూర్తి స్ట్రిప్పులే తెచ్చుకుంటుంది. ఖాళీ అయిన వాటిని పారేయకుండా, మొదలుపెట్టిన తేదీ పెన్నుతో రాసి, వంటింట్లో రస్కుల డబ్బాలో వేస్తుంది. నిద్ర సరిగా పట్టని రోజుల్ని గోడ క్యాలెండర్లో చుక్క పెట్టుకుంటుంది.

మొన్న దసరాకు మళ్లీ ఫోన్ చేసింది. "అన్నయ్యా, స్టాకు లేదని మళ్లీ కంపెనీ మార్చాడు. ఈసారి గులాబీ రంగు. డాక్టర్‌కు ఫొటో పంపించా, పాత స్ట్రిప్పు పక్కన పెట్టి మిల్లీగ్రాములు చూసుకున్నా, వేసుకున్నా. ఇంతకీ పండక్కి ఎప్పుడొస్తున్నారు?"