హిట్ పాయింట్లంటే నెత్తురు కాదు

మొన్న ఒంగోలు నుంచి ఒక తమ్ముడు ఫోను చేశాడు. మూడు నెలలుగా స్నేహితులతో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడిస్తున్నాడు. ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా, పాచికలు వేస్తూ కథ నడిపించే ఆట అది. పాత్ర ఇంకా ఎంత తట్టుకోగలదో చెప్పే అంకెను అందులో హిట్ పాయింట్లంటారు. "అన్నా, కత్తిపోట్లు తిన్నవాడు ఒక్క రాత్రి పడుకుంటే లేచి తిరుగుతాడా అని అందరూ నవ్వారు. అందుకని రాత్రి విశ్రాంతికి పోయిన పాయింట్లన్నీ తిరిగి ఇవ్వకుండా రెండే ఇస్తానని నియమం మార్చాను. ఇప్పుడు ఆటకు ఎవరూ రావడం లేదు" అన్నాడు. గొంతు వణుకుతోంది. ఇలాంటి ఫోన్లు నాకు కొత్త కాదు.

అపోహ: హిట్ పాయింట్లు తగ్గాయంటే ఒళ్లు తెగినట్టే.

వాస్తవం: కాదు. నేర్పు, అదృష్టం, దైవబలం కూడా అందులో భాగమేనని ఈ ఆట సృష్టికర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్ 1979లోనే రాశారు. 2014 నాటి ఐదో ఎడిషన్ నియమాల పుస్తకం ఇంకా విడమరిచి చెప్పింది. పాయింట్లు సగానికి తగ్గనంత వరకు సాధారణంగా గాయమేదీ కనిపించదు. సగం దాటి పడిపోతే గీతలు, కమిలిన మచ్చలు కనిపిస్తాయి. సున్నాకు దించిన దెబ్బ ఒక్కటే నేరుగా తగులుతుంది. పుస్తకంలో ఇంత స్పష్టంగా ఉంటే, ఎవరో నవ్వారని నియమాలు మార్చడం ఎందుకు? కబడ్డీలో కూతకు వెళ్లినవాడి దమ్ము తెలుసు కదా, హిట్ పాయింట్లు అలాంటివి. దమ్ము అయిపోతే అవుటే.

నేనూ ఈ తప్పు చేశాను. నెల్లూరులో మా మిద్దె మీద, 1514లో కృష్ణదేవరాయలు గెలుచుకున్న ఉదయగిరి కోట ముట్టడిని ఆడిస్తున్నాను. ఒక సైనికుడికి 44 పాయింట్లు. బాణం తగిలి 14 పోయాయి. "ఛాతీలో దిగబడింది" అన్నాను ఉత్సాహంగా. మర్నాడు పొద్దున్నే అతను కొండ ఎక్కుతుంటే ఆ పాత్ర ఆడుతున్న అబ్బాయి నెమ్మదిగా అడిగాడు: "అన్నా, ఆ బాణం ఎవరు తీశారు?" నా దగ్గర జవాబు లేదు. ఇంకా 30 ఉన్నాయి, అంటే సగానికి పైనే. బాణం డాలుకు తగిలి చెయ్యి మొద్దుబారిందని, చెమట కళ్లలో పడి ఒక అడుగు వెనక్కి వేశాడని చెప్పి ఉండాల్సింది. రాత్రి నిద్రకు తీరేది ఆ అలసటే. విషం పూసిన బాణమైతే మాత్రం ఒక్క గీతయినా పడాలి, లేకపోతే విషం ఎక్కదు.

అపోహ: కవచం దెబ్బను తగ్గించాలి గానీ తప్పించకూడదు.

వాస్తవం: దాడికి వేసిన పాచిక ఆర్మర్ క్లాసుకు, అంటే ఆ పాత్రను తాకడం ఎంత కష్టమో చెప్పే అంకెకు, చేరలేదంటే కత్తి గాలిలో పోయిందని మాత్రమే కాదు, కవచం మీద జారిపోయిందని కూడా.

అపోహ: ప్రతి నియమానికీ కథలో కారణం దొరుకుతుంది.

వాస్తవం: దొరకదు. వంద అడుగుల నుంచి పడితే పది పాచికలు వేసి వచ్చిన మొత్తం పాయింట్లు పోతాయి, సగటున 35. మా సైనికుడు బతికేస్తాడు! అక్కడ నియమం కథకు అతకదని ఒప్పుకుంటాను. పడేవాడు పట్టుకోవడానికి కొండ అంచున ఒక మర్రి ఊడను ముందే పెట్టుకుంటాను.

ఒంగోలు తమ్ముడు పాత నియమమే మళ్లీ పెట్టాడు. ఈ ఆదివారం ముగ్గురు వస్తామన్నారట. మొదటి దెబ్బ డాలుకే తగలనివ్వమని చెప్పాను.