"నోటీసు ఇచ్చినాం కదా సార్, గడువు ఆగినట్టే కదా?": పెద్ద కంపెనీల మీద కేసులు, అపోహలు - వాస్తవాలు

కడప కోర్టులో సివిల్ కేసులు చేసే లాయర్ని. నా దగ్గరికి వచ్చేటోళ్ళలో చిన్న వ్యాపారస్తులే ఎక్కువ. పెద్ద కంపెనీ బిల్లులు ఆపేసిందనో, రాసుకున్న కాంట్రాక్టు మధ్యలో తీసేసి వేరే వాళ్ళకిచ్చిందనో వస్తారు. వచ్చిన ప్రతి ఒక్కరూ ఒకే మాట అంటాంటే విని విని ఇది రాస్తున్నా.

అపోహ: లీగల్ నోటీసు పంపితే దావా వేయడానికి ఉండే మూడేండ్ల గడువు ఆగిపోతుంది.

ఆగదు. ఒక్కరోజు కూడా ఆగదు. రిజిస్టర్ పోస్టులో పంపినా, వాళ్ళు సంతకం పెట్టి తీసుకున్నా, "కూర్చొని మాట్లాడుకుందాం" అని రిప్లై ఇచ్చినా ఆగదు. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం ఇట్లాంటి బాకీ దావాకు మూడేండ్లు, పని చేసిన రోజు నుంచి లెక్క, కట్టడానికి ఒక తేదీ రాసుకొని ఉంటే ఆ తేదీ దాటినప్పటి నుంచి లెక్క. ఇంకోటి, ప్రతి బిల్లుకూ దాని లెక్క దానిదే. చివరి బిల్లు తేదీ చూసుకొని ధైర్యంగా ఉంటే వెనకవి ఒక్కొక్కటే రాలిపోతాంటాయి.

"లేటుకు కారణం చెప్పుకుంటే జడ్జిగారు మన్నించరా సార్" అంటారు. అప్పీళ్ళకు, కొన్ని దరఖాస్తులకైతే అడగొచ్చు, ఇదే లిమిటేషన్ చట్టంలో సెక్షన్ 5 ఉండేది వాటికే. దావాకు ఆ సెక్షన్ వర్తించదు. గడువు దాటిందని అవతలివాళ్ళు ఎత్తకపోయినా సరే, కోర్టే చూసి కొట్టేయాలని సెక్షన్ 3 చెప్తాంది. గవర్నమెంటు మీద వేసేటప్పుడు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 నోటీసు రెండు నెలలు ఉంటుంది చూడండి, అది లెక్కలోంచి తీసేస్తారు, కమర్షియల్ కేసుల్లో దావాకు ముందు తప్పనిసరిగా పోవాల్సిన మీడియేషన్ (మధ్యవర్తి ముందు రాజీ ప్రయత్నం) టైము కూడా తీసేస్తారు. ఈ రెండూ విని ఎవరో అన్ని నోటీసులకూ అంటగట్టి ఊరంతా తిప్పినారు, నష్టపోయేది మాత్రం దాన్ని నమ్మినోళ్ళు.

మా దగ్గర ఒక కుటుంబం ఉంది, తాత కాలం నుంచి అంత్యక్రియల పనే. పాడె సామాన్లు, ఫ్రీజర్ బాక్సులు, వైకుంఠ రథం అన్నీ వాళ్ళవే. ఒక పెద్ద ఆస్పత్రుల కంపెనీ వీళ్ళతో ఒప్పందం చేసుకుంది. చనిపోయినోళ్ళను సొంతూర్లకు చేర్చేది వీళ్ళు, ఆ కిరాయి ఆస్పత్రి బిల్లులోనే కలిపి వసూలు చేసుకొని నెలనెలా వీళ్ళకు ఇయ్యాల్సింది కంపెనీ. కొన్నాళ్ళు ఇచ్చినారు, తర్వాత పై నుంచి అప్రూవల్ రాలేదని మొదలుపెట్టినారు.

కొడుకు ఒక చీరల అంగడి సంచి తెచ్చి నా టేబుల్ మీద బోర్లించినాడు. అన్నీ ట్రిప్ షీట్లు. మార్చురీ నుంచి బండి కదిలిన టైము, మీటర్ రీడింగు, పోయిన ఊరు, ముద్దనూరు, సిద్దవటం, చక్రాయపేట, కింద సెక్యూరిటీ సంతకం. కొన్నిటి మీద పసుపు మరకలు ఇంకా అట్లే ఉన్నాయి. వేరే లాయరుతో నోటీసు ఎప్పుడో ఇప్పించినారు, ఆ ధైర్యంతోనే కూర్చున్నారు, అప్పటికే పాత బిల్లులన్నీ మూడేండ్లు దాటిపోయినాయి. ఎందుకింత లేటు చేసినారు అంటే పెద్దాయన అన్నాడు, "శవం ముందర డబ్బులకు నిలబడే అలవాటు మాకు లేదు నాయనా, ఆస్పత్రి కాడికి పోయి గట్టిగా అడగాలంటే నోరు రాలేదు". ఆ మాటకు నేనేం చెప్పాల?

సంచి అడుగున ఒక లెటర్ దొరికింది. మార్చి 31 నాటికి మా పుస్తకాల్లో మీకు ఇంత ఇయ్యాల్సి ఉంది, సరిచూసి పంపండి అని ఆడిట్ కోసం కంపెనీ అకౌంట్స్ వాళ్ళు పంపింది, సంతకం, సీలు, మొత్తం అంకె అన్నీ ఉన్నాయి. బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ అంటారు. ఈ కుటుంబానికి అది మామూలు కాగితమే, తీసి లోపల పడేసినారు. గడువు లోపల బాకీ ఒప్పుకుంటూ సంతకం పెట్టి ఇస్తే ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేండ్లు మొదలవుతాయి, సెక్షన్ 18. ఆ లెటర్ వచ్చేనాటికి బిల్లులు గడువులోనే ఉన్నాయి కాబట్టి దావా వేయగలిగినాం. కేసు నడుస్తాంది, అంతకంటే ఇక్కడ చెప్పకూడదు. మీ ఫైళ్ళలో ఇట్లాంటి లెటర్లు ఉంటే ఈ రోజే వెతుక్కోండి. గడువు లోపలే కంపెనీ కొంత డబ్బు కట్టి రాతపూర్వకంగా సంతకం పెట్టి ఉంటే అది కూడా పనికొస్తుంది, సెక్షన్ 19. "నెక్స్ట్ మంత్ చూద్దాం అన్నా" అని బ్రాంచి మేనేజర్ పెట్టిన వాట్సాప్ మెసేజ్‌ను నమ్ముకొని మాత్రం కూర్చోవద్దు, ఆ మనిషికి కంపెనీ తరఫున ఒప్పుకునే అధికారం ఉందా లేదా అనే దగ్గరే వాదన ఇరుక్కుంటుంది, పైగా ఆ మెసేజ్‌ను కోర్టులో చూపించాలంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ ఒకటి జతచేయాల.

అపోహ: గెలిస్తే కోట్లలో నష్టపరిహారం వస్తుంది.

ఆ కుటుంబంలో పిల్లోడే నాకు ఫోన్లో అమెరికా కేసు చూపించినాడు. మిసిసిపీలో బిలాక్సీ అనే ఊర్లో ఓకీఫ్ అనే కుటుంబం, వాళ్ళదీ అంత్యక్రియల వ్యాపారమే, కెనడాకు చెందిన లోవెన్ గ్రూప్ అనే పెద్ద కంపెనీ ఒప్పందం తప్పిందని కోర్టుకు పోయినారు. 1995లో జ్యూరీ 50 కోట్ల డాలర్లు ఇయ్యమంది, అందులో 40 కోట్లు కేవలం కంపెనీకి శిక్షగా వేసినవి. నిజమే, కానీ అది అక్కడి జ్యూరీ, అక్కడి చట్టం. మన సివిల్ కోర్టుల్లో జ్యూరీ లేదు. ఒప్పందం తప్పితే 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 73 కింద నిజంగా జరిగిన నష్టం వరకే, అదీ కాగితాలతో చూపించాల.

ఆ కేసులో ఎవరూ చెప్పుకోని విషయం వేరే ఉంది. అప్పీలు అయ్యేదాకా డబ్బు వసూలు కాకుండా ఆపుకోవాలంటే కంపెనీ 62.5 కోట్ల డాలర్లకు బాండు పెట్టాల్సి వచ్చింది, పెట్టలేక 1996 జనవరిలో 17.5 కోట్లకు రాజీ పడింది. మన దగ్గర దానికి కొంచెం దగ్గరగా ఉండేది 2006 ఎంఎస్ఎంఈ చట్టం, అంటే చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం. చిన్న సంస్థకు 45 రోజుల్లో కట్టకపోతే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. ఈ చట్టం కింద బాకీ తగాదాలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్ ద్వారా మనకు అవార్డు, అంటే తీర్పు వస్తే దాన్ని కోర్టులో సవాలు చేయడానికి కంపెనీ ముందు ఆ మొత్తంలో 75 శాతం డిపాజిట్ కట్టాల. అందుకని చిన్న సంస్థగా నమోదయ్యే ఉద్యం రిజిస్ట్రేషన్ ఇప్పుడే చేయించుకోండి, ఫీజు కూడా లేదు. బాకీ పడినాక చేయించుకుంటే అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే.

మిగతావి తొందరగా చెప్తా.

వ్యాపారానికి కొన్న ఫ్రీజర్ బాక్సు చెడిపోతే కన్స్యూమర్ కేసు పడదంటారు. సొంతంగా నడుపుకొని బతకడానికే కొన్నదైతే పడుతుంది. మే నెల మధ్యాన్నం, లోపల శవం ఉండగా కంప్రెసర్ ఆగిపోయి, ఇంటివాళ్ళ ముందు తలెత్తుకోలేక ఐసు దిమ్మెల కోసం పరిగెత్తినోళ్ళు నాకు తెలుసు, వాళ్ళెందుకు ఊరుకోవాల? గడువు రెండేండ్లు, ఇక్కడ మాత్రం లేటుకు సరైన కారణం ఉంటే మన్నించే వీలుంది. కొన్న ధర 5 లక్షల లోపయితే ఫీజు లేదు. కంపెనీ ముంబైలో ఉన్నా 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, తగాదా వస్తే ఆర్బిట్రేషన్‌కే (కోర్టు బయట మధ్యవర్తి దగ్గరికే) పోవాలని రాసిన అగ్రిమెంటు దాన్ని అడ్డుకోదు.

కోర్టు ఫీజు కట్టలేమని ఆగిపోయేటోళ్ళకు ఒక మాట. ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ లాయర్ని ఉచితంగా ఇస్తుంది, లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. ఫోను 15100.