‘అపొజిషన్’ పక్కన ఏ మాట? అపోహలు - వాస్తవాలు

ఇంగ్లీషు పాఠాల్లో ‘అపొజిషన్’ (వ్యతిరేకత) అనే మాట తెలియనివాళ్లు నాకు దాదాపు కనిపించరు. తడబాటంతా దాని పక్కన ఏ మాట రావాలన్న దగ్గరే. మాటలు ఇలా జట్టు కట్టడాన్ని ‘కాలొకేషన్’ అంటారు. బ్రిటిష్ భాషావేత్త జె.ఆర్. ఫర్త్ 1950లలో ఈ పదాన్ని భాషాశాస్త్రంలో వాడుకలోకి తెచ్చాడు.

అపోహ: వ్యతిరేకత ఉన్నచోటల్లా ‘అగైన్‌స్ట్’ వాడాలి.

వాస్తవం: నేను అన్నిటికంటే ముందు సరిదిద్దేది ఇదే. ‘దానికి వ్యతిరేకంగా’ అనే అలవాటు కొద్దీ ‘అపొజిషన్ అగైన్‌స్ట్ ద ప్లాన్’ అని రాసేస్తుంటారు. సహజమైన వాడుక ‘అపొజిషన్ టు ద ప్లాన్’. అదే క్రియ అయితే మధ్యలో ప్రిపోజిషనే అక్కర్లేదు: ‘దే అపోజ్డ్ ద ప్లాన్’. ఇక్కడ మన తెలుగే సాయపడుతుంది. ‘ప్రతిపాదనను వ్యతిరేకించారు’ అన్నప్పుడు కర్మ నేరుగా వచ్చేస్తుంది కదా, ఇంగ్లీషులోనూ అంతే. ఆ వాక్యం గుర్తుంటే ‘అపోజ్ టు’, ‘అపోజ్ అగైన్‌స్ట్’ అనే తప్పులు దొర్లవు.

మరి ‘అగైన్‌స్ట్’ ఎక్కడ? ‘వోట్ అగైన్‌స్ట్’, ‘ఆర్గ్యూ అగైన్‌స్ట్’, ‘కమ్ అవుట్ అగైన్‌స్ట్’. బ్రిటిష్ వాడుకలో ‘ప్రొటెస్ట్ అగైన్‌స్ట్ ద డెసిషన్’ అంటారు. అమెరికన్లు తరచూ ‘అగైన్‌స్ట్’ వదిలేసి ‘ప్రొటెస్ట్ ద డెసిషన్’ అంటారు. రెండూ సరైనవే.

అపోహ: ‘ఐ యామ్ అపోజ్డ్ టు ఇట్’ అంటే నన్నెవరో వ్యతిరేకించారని.

వాస్తవం: కాదు, వ్యతిరేకిస్తున్నది మీరే. చూడ్డానికి కర్మణి ప్రయోగంలా ఉన్నా ఇక్కడ ‘అపోజ్డ్’ విశేషణం. ఆ ‘టు’ తర్వాత క్రియ వస్తే ‘ఇంగ్’ రూపమే రావాలి: ‘అపోజ్డ్ టు బిల్డింగ్ ద డ్యామ్’. ‘ఆబ్జెక్ట్ టు’ కూడా ఇదే దారిలో నడుస్తుంది. ‘యాజ్ అపోజ్డ్ టు’లో మాత్రం వ్యతిరేకించడమే లేదు. ‘అది కాదు, ఇది’ అని తేడా చూపడానికే దాన్ని వాడతారు.

అపోహ: తీవ్రత చెప్పడానికి ఏ విశేషణమైనా సరిపోతుంది.

వాస్తవం: ‘తీవ్ర వ్యతిరేకత’ను చాలామంది ‘సివియర్ అపొజిషన్’ అంటారు. అర్థమవుతుంది గానీ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘సివియర్’ జతకట్టేది ‘పెయిన్’, ‘డ్యామేజ్’, ‘షార్టేజ్’ లాంటి వాటితో. వ్యతిరేకతకు ‘స్ట్రాంగ్’, ‘ఫియర్స్’, ‘స్టిఫ్’ నప్పుతాయి. ‘బిటర్లీ అపోజ్డ్’లో కోపం, కసి ధ్వనిస్తాయి. ‘డయామెట్రికల్లీ అపోజ్డ్’లో అవి ఉండనక్కర్లేదు, రెండు అభిప్రాయాలు పూర్తిగా ఎదురెదురుగా ఉన్నాయని మాత్రమే అర్థం.

అపోహ: ‘గివ్ అపొజిషన్’ అన్నా నడుస్తుంది.

వాస్తవం: నడవదు. వ్యతిరేకత తెలిపితే ‘వాయిస్ అపొజిషన్’, ఎదురైతే ‘ఫేస్’ లేదా ‘మీట్ విత్’, అధిగమిస్తే ‘ఓవర్‌కమ్’. అభ్యంతరం చెప్పడం ‘రెయిజ్ యాన్ ఆబ్జెక్షన్’.

అపోహ: పోటీ లేకుండా గెలిస్తే ‘యునానిమస్‌లీ ఎలెక్టెడ్’.

వాస్తవం: ‘ఏకగ్రీవం’ అనే మాట వల్ల వచ్చిన చిక్కిది. ఓటు వేసినవాళ్లందరూ ఒకే పక్షాన ఉంటే ‘యునానిమస్‌లీ’. అసలు ప్రత్యర్థే లేకపోతే ‘ఎలెక్టెడ్ అనపోజ్డ్’.