గీత దాటితే మోగాలి: వైర్‌లెస్ ఇన్‌ఫ్రారెడ్ బీమ్‌ల మీద అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లకీ మామిడి తోటలకీ కోళ్ల ఫారాలకీ బీమ్ సెన్సర్లు బిగించడం నా పని. ఒక పోల్ మీది ట్రాన్స్‌మిటర్ నుంచి అవతలి పోల్ మీది రిసీవర్‌కి కంటికి కనపడని కాంతి గీతలా వెళ్తుంటుంది, ఎవరైనా దాటి ఆ గీత తెగితే అలారం మోగుతుంది. నాకు ఫోన్ చేసేవాళ్లలో చాలామంది కొత్త సెట్ కోసం చేయరు. ఎవరో పెట్టి వెళ్లిన సెట్ రాత్రంతా ఊరికే మోగుతోందనీ, విసుగొచ్చి ఆఫ్ చేసి పడుకుంటున్నామనీ చెబుతారు. ఆ మాట వింటే నిజంగా బాధేస్తుంది. డబ్బు పోసి కాపలా పెట్టుకుని, దాని నోరు నొక్కేసి నిద్రపోవాల్సి వస్తోంది. తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నా.

అపోహ: వైర్‌లెస్ కదా, తగిలించేస్తే అయిపోయింది

వైర్‌లెస్ అన్నది అలారం కబురు ప్యానెల్‌కి (అలారం మోగించే పెట్టెకి) చేరే దారికి మాత్రమే. ట్రాన్స్‌మిటర్‌కీ రిసీవర్‌కీ రెండింటికీ పవర్ కావాలి, బ్యాటరీయో సోలారో. ట్రాన్స్‌మిటర్ కంటికి కనపడని కాంతిని పగలూ రాత్రీ వదులుతూనే ఉండాలి, కాబట్టి తలుపుకి పెట్టే చిన్న సెన్సర్ లాగా బుల్లి బ్యాటరీతో ఏళ్లకేళ్లు నడవదు. సోలార్ సెట్ తెచ్చి చల్లగా ఉంటుందని చెట్టు నీడలో పెడతారు, శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే అది పడుకుంటుంది.

అయినా తోటలకి నేను వైర్‌లెస్సే చెబుతాను. భూమిలో వేసిన కేబుల్‌ని పందికొక్కులు కొరుకుతాయి, దుక్కి దున్నేటప్పుడు రోటవేటర్‌కి తెగుతుంది, దగ్గర్లో పిడుగు పడితే ఆ పొడవాటి కేబుల్ వెంటే సర్జ్ వచ్చి ప్యానెల్ కాలిపోతుంది. ఒక్క జాగ్రత్త: రేకుల షెడ్డు, ఇనుప గేటు, నిండా నీళ్లున్న ట్యాంకు అడ్డం వస్తే సిగ్నల్ బలహీనపడుతుంది. అందుకే పోల్‌కి గొయ్యి తవ్వకముందే సెన్సర్‌ని అదే చోట అదే ఎత్తులో చేత్తో పట్టుకుని, ప్యానెల్‌కి కబురు చేరుతోందో లేదో చూసుకుంటాను.

అపోహ: బాక్స్ మీద 100 మీటర్లని ఉంది, 100కీ పెట్టొచ్చు

ముందు అది బయట వాడే రేంజా, లోపల వాడే రేంజా చూడండి. రెండూ ఒకటి కాదు, బయటది చాలా తక్కువ ఉంటుంది. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున చెరువు పక్క తోటల్లో పొగమంచు దిగితే అవతలి పోలే కనపడదు. ఆ పూట కూడా పనిచేయాలంటే చేతిలో కొంత మిగులు ఉండాలి. బయట 60 మీటర్లని రాసున్నదాన్ని నేను 40కి మించి పెట్టను.

అపోహ: పోల్ ఏదైతేనేం, సెన్సర్ మంచిదైతే చాలు

ఊరికే మోగే సెట్లలో నేను చూసిన వాటికి మొదటి కారణం పోలే. లెక్క చూడండి. రెండు పోల్‌ల మధ్య 60 మీటర్ల దూరం ఉంటే, ఒక పోల్ ఒక్క డిగ్రీ ఒరిగితే చాలు, అవతలి కొసలో బీమ్ మధ్యభాగం మీటరు పైగా పక్కకి జరుగుతుంది. నల్లరేగడి నేలల్లో ఇది మామూలే, వానాకాలం మట్టి ఉబ్బుతుంది, ఎండాకాలం చెయ్యి పట్టేంత బీటలు తీస్తుంది, పోల్ దాంతో పాటే కదులుతుంది. కిందటేడు ఒక తోటలో కంచె కోసం పాతిన సన్న పైపుకే రిసీవర్ కట్టేశారు. వేలితో నెట్టి చూశాను, పైన బాక్స్ ఊగింది. మీటర్ పెట్టి చూస్తే గాలి వీచినప్పుడల్లా సిగ్నల్ రీడింగ్ పడిపోతోంది, గాలి ఆగగానే లేస్తోంది. ఆ ఇంటాయన ఆరు నెలలుగా సెన్సర్‌ది తప్పనుకుంటున్నాడు. రెండున్నర అడుగుల లోతు గొయ్యి తీసి, లావు పైపు దింపి కాంక్రీటు పోశాం, సెన్సర్ మాత్రం పాతదే పెట్టాం.

ఇంకో పొరపాటు కూడా అక్కడే కనపడింది. రిసీవర్‌లో లైటు మారగానే గురి కుదిరిందని మూత వేసేశారు. అంచున పడ్డ కాంతికి కూడా ఆ లైటు మారుతుంది. మల్టీమీటర్ పెట్టి, స్క్రూలు కొద్దికొద్దిగా తిప్పుతూ వోల్టేజీ ఎంత వరకు లేస్తుందో చూసి అక్కడ ఆపాలి. తర్వాత, డబుల్ బీమ్ సెట్ అయితే, నేను రెండు లెన్స్‌లలో ఒకదానికి అట్టముక్క అడ్డం పెడతాను, అప్పుడు కూడా అలారం రాకపోతేనే నా పని అయినట్టు.

అపోహ: డబుల్ బీమ్ ఉంటే పిట్టలకీ కోతులకీ మోగదు

పిట్టలకైతే చాలావరకు నిజం. రెండు బీమ్‌లూ ఒకేసారి తెగితేనే మోగుతుంది, ఎండుటాకో పిచ్చుకో ఒకదాన్నే అడ్డుకుంటుంది. కోతి సంగతి వేరు, ఆ రెండు బీమ్‌ల మధ్య ఎడం కొన్ని సెంటీమీటర్లే, ప్రహరీ మీద కోతి కూర్చుంటే రెండూ తెగుతాయి. కోతులున్న చోట గోడ పైన పెట్టకండి, లోపలికి ఒక మీటరు జరిపి, మోకాలి ఎత్తులో ఒక సెట్, నడుము పైన ఒక సెట్ పెట్టి, రెండూ కలిసి తెగితేనే మోగేలా ప్యానెల్‌లో పెట్టుకోండి. దీనికో ఖర్చు ఉంది, పాకుతూ వచ్చేవాడు పై బీమ్‌కి తగలడు. ఆ మాట ఇంటివాళ్లకి ముందే చెప్పి, ఏది కావాలో వాళ్లనే తేల్చుకోమంటాను.

బీమ్ ఎంతసేపు తెగితే మోగాలో చెప్పే టైమింగ్ నాబ్ కూడా చూడాలి. నడిచే మనిషి బీమ్‌ని దాదాపు పావు సెకను అడ్డుకుంటాడు, గట్టిగా పరుగెత్తేవాడు 50 మిల్లీసెకన్లే. ఊరికే మోగుతోందని ఆ నాబ్‌ని అరసెకను దాకా తిప్పేసినవాళ్లని చూశాను. అప్పుడు మోగడం ఆగుతుంది, దొంగకీ మోగదు.

అపోహ: రాత్రికే కదా, ఎండతో మనకేం పని

రిసీవర్ లెన్స్‌లోకి సూర్యుడు నేరుగా పడితే అది తికమకపడుతుంది. తూర్పు పడమరలుగా లైన్ ఉంటే రిసీవర్ ఎటు చూడాలో ఆలోచించాలి. తెల్లారి ఆరున్నర దాకా అలారం ఆన్‌లో ఉంచేవాళ్లయితే, తూర్పు కొసన రిసీవర్ పెట్టి పడమర వైపు తిప్పండి. ఉత్తరాయణం, దక్షిణాయనాలతో సూర్యుడు ఉదయించే చోటు జరుగుతుంది కాబట్టి బిగించిన నెలలో బాగున్నది నాలుగు నెలల తర్వాత మొరాయించవచ్చు.

అపోహ: ఇదంతా ఎందుకు, తీగకి కరెంటు పెడితే పోలా

దయచేసి ఆ మాట అనకండి. అడవి పందులకని పొలం చుట్టూ లైన్ నుంచి నేరుగా కరెంటు ఇచ్చిన తీగ కట్టడం నేరం. రాత్రి నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతులు, ఒక్కోసారి దాన్ని కట్టినవాళ్లే, ఆ తీగ తగిలి చనిపోతున్నారు. పందుల కోసమే అయితే బీమ్‌ని మోకాలి కిందకి దించి సైరన్‌కీ ఫ్లడ్ లైట్‌కీ కలపండి. పొరపాటున మనిషి దాటినా ప్రాణానికి ఏమీ కాదు.

అపోహ: ఒకసారి పెడితే ఇక చూడక్కర్లేదు

బీర తీగ రెండు వారాల్లో బీమ్‌కి అడ్డొస్తుంది. సాలీడు, చీమలు, కందిరీగలు మూత లోపల కాపురం పెడతాయి, వైరు దూరే రంధ్రాన్ని సిలికాన్‌తో మూసేయండి. బ్యాటరీ అయిపోయినా చెప్పని చవక సెట్లున్నాయి, మోగడం లేదంటే అంతా బాగుందనుకుంటాం.

సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు ఇల్లు తాళం వేసే ముందు ఒక పని చేయండి. అలారం ఆన్ చేసి ప్రతి బీమ్‌నీ మూడు చోట్ల దాటండి: ట్రాన్స్‌మిటర్ దగ్గర, మధ్యలో, రిసీవర్ దగ్గర. నున్నటి గోడ పక్కనే లైన్ వెళ్తుంటే కాంతి గోడకి తగిలి తిరిగి రిసీవర్‌కి చేరుతుంది, మీరు అడ్డంగా నిలబడ్డా మోగకపోవచ్చు. ఏదో ఒక చోట మోగలేదంటే బిగించినవాణ్ణి పిలిపించి, మీ కళ్లముందే మూడు చోట్లా దాటించండి.