పాత టీవీ వెనక మూడు సాకెట్లు

పిల్లలూ, మీకు తాతయ్య ఆశీస్సులు.

సెలవులకు వచ్చినప్పుడు మన పాత డబ్బా టీవీకి ల్యాప్‌టాప్ కలుపుతామని ఫోన్లో చెప్పారు కదా, చాలా సంతోషమేసింది. అందులో బొమ్మ ఇప్పటికీ చక్కగా వస్తుంది. అయితే ముందే వైరు కొనేయకండి. దాని వెనక ఏముందో నేను చూసి రాస్తున్నాను.

పసుపు, తెలుపు, ఎరుపు రంగుల్లో మూడు సాకెట్లు ఉన్నాయి. వీటినే ఏవీ సాకెట్లు అంటారు. పసుపుది బొమ్మకు, తెలుపుది ఎడమ స్పీకర్‌కు, ఎరుపుది కుడి స్పీకర్‌కు. మీ ల్యాప్‌టాప్‌కు ఉన్నదేమో హెచ్‌డీఎంఐ అనే వేరే రకం సాకెట్. అది బొమ్మను అంకెలుగా పంపిస్తుంది. ఈ టీవీకి అంకెలు తెలియవు, పెరుగుతూ తగ్గుతూ వచ్చే కరెంటు సిగ్నలే కావాలి. ఒకవైపు హెచ్‌డీఎంఐ, మరోవైపు మూడు రంగుల పిన్నులు ఉన్న ఉత్త వైరు ఒకటి బజార్లో దొరుకుతుంది. నేనూ ఒకటి కొన్నాను. ఎంతసేపు చూసినా తెర నల్లగానే ఉంది. అంకెలను సిగ్నల్‌గా మార్చే పని వైరు చేయలేదు, మధ్యలో కన్వర్టర్ ఉండాలి. అరచేతిలో పట్టేంత చిన్న డబ్బా అది, ఫోన్ ఛార్జర్‌తో కరెంటు ఇవ్వొచ్చు. కొనేటప్పుడు దాని మీద ‘హెచ్‌డీఎంఐ టు ఏవీ’ అని ఉందో లేదో చూడాలి. ‘ఏవీ టు హెచ్‌డీఎంఐ’ అంటే అది తిరగేసిన పని చేసేది, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి.

కన్వర్టర్ పక్కన చిన్న స్విచ్ ఉంటుంది, పాల్ లేదా ఎన్‌టీఎస్‌సీ అని. అవి రెండు రకాల టీవీ సిగ్నల్ పద్ధతులు. మన దేశంలో 1982లో రంగుల ప్రసారాలు మొదలైంది పాల్ పద్ధతిలోనే, కాబట్టి అటే పెట్టండి. రెండోవైపు ఉంటే కొన్ని టీవీల్లో బొమ్మ రంగు లేకుండా వస్తుంది, కొన్నింట్లో పైకీ కిందికీ దొర్లుతుంది.

బొమ్మ వచ్చాక అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తే టెన్షన్ పడకండి. టీవీలో బొమ్మ అడ్డగీతలుగా వస్తుంది. పాల్‌లో మొత్తం 625 గీతలు, వాటిలో బొమ్మకు వాడేవి 576. మీ ల్యాప్‌టాప్‌లో 1080 ఉండొచ్చు. అన్ని గీతల బొమ్మను ఇందులో కుదిస్తే సన్న అక్షరాలు చెదిరిపోతాయి. అక్షరాలు బాగా పెద్దవి చేసుకోండి. అంచులు కొంచెం తెర చట్రం వెనక్కి పోతాయి, కింది టాస్క్‌బార్ సగమే కనిపించొచ్చు. మనుషులు సన్నగా, పొడుగ్గా కనిపిస్తే వెడల్పు బొమ్మను ఈ నాలుగుకు మూడు (వెడల్పు నాలుగైతే ఎత్తు మూడు) తెరలో ఇరికించినట్టు. సెట్టింగ్స్‌లో 800×600 ఉంటే అది పెట్టి చూడండి.

మీ స్నేహితుల ఇంట్లో యాంటెన్నా సాకెట్ ఒక్కటే ఉన్న టీవీ ఉంటే కన్వర్టర్ ఒక్కటే సరిపోదు. పాత వీసీఆర్ (వీడియో క్యాసెట్లు ఆడించే పెట్టె) ఉంటే కన్వర్టర్ పిన్నులు దాని ఏవీ ఇన్‌లో పెట్టి, వీసీఆర్ నుంచి యాంటెన్నా వైరును టీవీకి ఇచ్చి, ఖాళీ ఛానల్ ట్యూన్ చేసుకోవాలి.

ఒక్కమాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. టీవీ వెనక మూత విప్పకండి. స్విచ్ తీసేసినా పిక్చర్ ట్యూబ్‌లో వేల వోల్టులు నిలవ ఉండొచ్చు. పిన్నులు పెట్టేటప్పుడు కూడా టీవీ, కన్వర్టర్ రెండింటి స్విచ్‌లూ తీసేయండి.

కన్వర్టర్ నేను తెప్పించి ఉంచుతాను. ల్యాప్‌టాప్ ఛార్జర్ మర్చిపోకుండా తెచ్చుకోండి.

మీ తాతయ్య