‘నేను వీళ్ళలో కలవను’ అనే పిల్లలకి, వాళ్ళ అమ్మానాన్నలకి: కొన్ని అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్నే స్టూడియోకి వచ్చేసరికి మెట్ల మీద మా శనివారం కుర్రాడు కూర్చుని ఉన్నాడు. గచ్చిబౌలిలో ఉద్యోగం, ఇరవై ఏడేళ్ళు, ఏడాదిగా వారానికి రెండు రోజులు నా దగ్గర ఎచింగ్ (లోహపు ప్లేటు మీద గీసిన గీతల్ని యాసిడ్‌తో తినిపించి, కాగితం మీద అచ్చు తీసే పని) నేర్చుకుంటున్నాడు. “అక్కా, పేపర్ పెట్టేసిన. ఇగ ఫుల్ టైమ్ ఇదే” అన్నాడు. మొహం వెలిగిపోతోంది. నాకు మాత్రం గుండె గుభేలుమంది. నిజాంపేట ఫ్లాటు మీద వాడికి ఇంకా ఎన్నేళ్ళ ఈఎంఐ ఉందో నాకు తెలుసు.

ఎందుకురా అంటే వాడు చెప్పిన జవాబు నేను ఇరవై రెండేళ్ళుగా వింటున్నదే. “ఆ సిస్టంల ఉంటే ఆర్టిస్టునెట్ల అయితనక్కా? వాన్ గో బతికున్నప్పుడు ఒక్క పెయింటింగే అమ్ముడుపోయింది, తెల్సా?”

ఈ ఒక్క కథ మన పిల్లల జీతాలు ఎన్ని మింగిందో లెక్కలేదు. అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను. మిగతా అపోహలూ చెప్తాను గానీ, ముందు దీని సంగతి తేలాలి.

అపోహ: నలుగురి దారిలో నడవని కళ పుట్టాలంటే ఉద్యోగం, ఇల్లు, అన్నీ వదిలేసి బయటికి వచ్చేయాలి.

వాస్తవం: డచ్ చిత్రకారుడు వాన్ గోతోనే మొదలుపెడదాం. 1890లో బ్రస్సెల్స్ ప్రదర్శనలో ఆయన ఎర్ర ద్రాక్షతోట బొమ్మని ఆనా బాక్ అనే చిత్రకారిణి 400 ఫ్రాంకులకి కొన్నది నిజం. అదొక్కటే అన్నది నిజం కాదు. 1882లోనే వాళ్ళ బాబాయి హేగ్ నగరం బొమ్మలు గీసిమ్మని డబ్బిచ్చి గీయించుకున్నాడు. పదహారో ఏట నుంచి ఆరేడేళ్ళు వాన్ గో బొమ్మలమ్మే కంపెనీలోనే పనిచేశాడు. అన్నిటికంటే ముఖ్యం, తమ్ముడు థియో. పారిస్‌లో ఆర్ట్ డీలరుగా ఉద్యోగం చేస్తూ, అన్నకి ఏళ్ళ తరబడి నెలనెలా డబ్బు పంపాడు, రంగులు పంపాడు. వాన్ గో గీసిన ఆ పొద్దుతిరుగుడు పువ్వుల బొమ్మల వెనక ఒక మనిషి జీతం ఉంది. నా దగ్గరికి వచ్చే ప్రతి పిల్లాడినీ నేను అడిగేది ఇదే: మీ ఇంట్లో థియో ఎవరు నాన్నా? చాలాసార్లు రిటైరైన నాన్న పెన్షనే థియో అవుతోంది. అది ఆయనని అడిగి తీసుకుంటున్నది కాదు.

అంత దూరం ఎందుకు, మన ఊరే చూడండి. 1965లో ఇదే హైదరాబాదులో, అర్ధరాత్రి పూట, నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేతుల మీదుగా దిగంబర కవులు మొదటి సంపుటి విడుదల చేశారు. కన్నవాళ్ళు పెట్టిన పేర్లు కూడా వద్దనుకుని కొత్త పేర్లు పెట్టుకున్న ఆరుగురు. లోకానికి అంతకంటే ఎదురు తిరిగిన కవులు తెలుగులో నాకు కనబడరు. చెరబండరాజు బడిలో పంతులు. నిఖిలేశ్వర్ కూడా పాఠాలు చెప్పుకున్న మనిషే. నగ్నముని శాసనసభలో ఉద్యోగి. చాక్‌పీసు పొడి చేతులు కడుక్కుని వచ్చి ఆ కవిత్వం రాశారు. 1971లో జ్వాలాముఖి, నిఖిలేశ్వర్, చెరబండరాజులని పీడీ చట్టం (ముందస్తు నిర్బంధ చట్టం) కింద జైల్లో పెట్టారు. రాసినదానికి మూల్యం చెల్లించారు. అంతేగానీ ముందే ఉద్యోగం వదిలేస్తే కవిత్వం దానంతటదే వస్తుందని ఎదురుచూడలేదు.

చలం స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా చేశాడు. చండీగఢ్‌లో నేక్ చంద్ పీడబ్ల్యుడీలో రోడ్ ఇన్‌స్పెక్టరు. పగలు డ్యూటీ, సాయంత్రాలు పగిలిన గాజులూ పింగాణీ ముక్కలూ ఏరుకొచ్చి, ఎవరికీ తెలియకుండా అడవిలాంటి సర్కారు జాగాలో బొమ్మలు కట్టాడు. దాదాపు పద్దెనిమిదేళ్ళు! అధికారుల కంటబడ్డాక కూల్చేస్తారేమో అనుకున్నది 1976లో రాక్ గార్డెన్‌గా జనానికి తెరిచారు. ఆయనకి జీతమిచ్చి, సాయానికి యాభై మంది కూలీలని కూడా ఇచ్చారు.

నా సంగతి కూడా చెప్పాలి, చెప్పకపోతే ఇదంతా బయట నిలబడి చెప్పినట్టుంటుంది. 2003లో నేను ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరుని. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక గుడిసె, ఒక కొబ్బరిచెట్టు: ఐదో తరగతి పిల్లలందరూ అదే గీయాలి, ఇన్‌స్పెక్షనుకి గోడంతా ఒకేలా కనబడాలి. ఒక పాప సూర్యుడి స్థానంలో వాళ్ళ నానమ్మ మొహం గీసింది. యాజమాన్యం ఆ కాగితం పీకించి చింపించింది. మర్నాడు రాజీనామా ఇచ్చేశాను. ఆ వారమంతా గాల్లో తేలాను. మూడో నెలకి బర్కత్‌పురాలో గది అద్దె కట్టలేక ఖాళీ చేసి ఊరికి వెళ్ళిపోయాను. అక్కడ అడుగుపెట్టిన పదిహేను రోజులకే సంబంధాలు మొదలయ్యాయి. ఫొటో దిగమన్నారు, చీర కట్టుకోమన్నారు. నా జింక్ ప్లేట్లు అటక మీదికెళ్ళాయి.

ఆడపిల్లలు ఈ ముక్క రెండుసార్లు చదవండి. మగపిల్లాడు ఉద్యోగం మానేస్తే “ఏదో ప్రయత్నిస్తున్నాడు” అంటారు. మనం మానేస్తే “ఖాళీగా ఉంది, పెళ్ళి చేసేద్దాం” అంటారు. మన గది, మన తాళం, రాత్రి పదకొండింటిదాకా పనిచేసుకునే వీలు, అన్నీ ఆ జీతం మీదే నిలబడి ఉంటాయి.

నేను తిరిగొచ్చింది ఛత్తా బజార్‌లో పెళ్ళికార్డుల షాపులో పనికి. స్క్రీన్ ప్రింటింగ్ స్టెన్సిళ్ళు కోసేదాన్ని. ఇంకు ఎంత చిక్కగా ఉండాలో, కాగితం తేమకి ఎలా సాగుతుందో ఏ కాలేజీ నేర్పనంత అక్కడ నేర్చుకున్నాను. అచ్చు తప్పిన కార్డులు బస్తాల్లో పడి ఉండేవి. వాటి వెనకే నా మొదటి సిరీస్ మొత్తం తీశాను. వెలుతురుకి ఎత్తి చూస్తే ఇప్పటికీ ఎవరివో ముహూర్తాలు కనబడతాయి.

కావాలంటే లెక్క కూడా ఉంది. మా స్టూడియోలో యాసిడ్ రిజిస్టరు పెడతాను. ఎవరు ఏ తేదీన ఏ ప్లేటు ఎన్ని నిమిషాలు ముంచారో రాసి సంతకం పెట్టాలి. కొన్నేళ్ళ క్రితం ఇలాగే ఒకతను ఉద్యోగం మానేశాడు. మానేయకముందు ఏడాదిలో తొమ్మిది ప్లేట్లు పూర్తి చేశాడు, అవీ శని ఆదివారాల్లోనే. మానేశాక ఎనిమిది నెలల్లో రెండు. బద్ధకం కాదు పాపం. ఒక ఫంక్షన్ హాల్లో డెకరేషను, ఇంకొకరికి లోగో, మరొకరికి గోడ మీద వినాయకుడు, ఏది దొరికితే దాని వెనక పరిగెత్తాడు. యాసిడ్‌లో ప్లేటు వేశాక గీతల మీద బుడగలు లేస్తాయి, పక్షి ఈకతో మెల్లగా తుడుస్తూ కూర్చోవాలి, లేదంటే గీత అడ్డదిడ్డంగా తింటుంది. అతను ఈక పట్టుకునే ఫోను చూసుకునేవాడు, అడ్వాన్సు పడిందేమోనని. పాడైన ఆ రెండో ప్లేటు నా దగ్గరే ఉంది.

వదలాల్సిన రోజు ఎప్పుడూ రాదని నేను అనడంలేదు. బొమ్మల మీద వచ్చే డబ్బు ఏడాదిపాటు అద్దె కట్టాక, చేతిలో మరో ఏడాదికి సరిపడా ఉన్నాక, వదలండి. నేనూ అలాగే షాపు వదిలాను.

ఇక మిగతావి.

నేర్చుకుంటే సొంతదనం పోతుందట. వేమన అంత మాటలన్నది ఆటవెలదిలో, గణాలు తప్పకుండా. శ్రీశ్రీ మొదటి పుస్తకం ‘ప్రభవ’, 1928లో, ఛందస్సులోనే రాశాడు, దాన్ని పక్కన పెట్టింది ఆ తర్వాత. మన తెలంగాణ చిత్రకారులు లక్ష్మా గౌడ్, వైకుంఠం ఇద్దరూ బరోడా వెళ్ళి చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నారు, తిరిగొచ్చి తమ ఊళ్ళ మనుషుల్నే గీశారు. ఆ చదువు వాళ్ళ ఊరిని వాళ్ళ చేతుల్లోంచి లాక్కోలేదు.

కళ చదువుకోని ప్రతివాళ్ళూ ‘అవుట్‌సైడర్ ఆర్టిస్టు’ (కళాలోకానికి బయట, తనకి తానుగా బొమ్మలు వేసుకునే మనిషి) కాదు. ఆ మాట 1972లో రోజర్ కార్డినల్ అనే రచయిత వాడింది. అంతకుముందు 1945లో ఫ్రెంచి చిత్రకారుడు దుబుఫే ‘ఆర్ బ్రూ’, అంటే పచ్చి కళ, అన్నాడు. అది బయటివాళ్ళు తగిలించిన పేరు, మన ఇన్‌స్టా బయోలో మనం రాసుకునే బిరుదు కాదు. గుడ్డ మీద కథలు బొమ్మలుగా వేసే చేర్యాల నకాషీ వాళ్ళని ఆ గాటన కట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తరతరాల శిక్షణ, ఎర్రటి నేపథ్యం నుంచి పాత్రల వరుస దాకా ప్రతిదానికీ పద్ధతి ఉంది వాళ్ళకి.

ఎవరికీ అర్థం కాలేదు, గ్యాలరీ తిప్పి పంపింది, కాబట్టి గొప్పది అని కూడా అనుకోకండి. 1863లో పారిస్‌లో అధికారిక ప్రదర్శన తిరస్కరించిన బొమ్మలకే వేరే ప్రదర్శన పెట్టారు. అందులోంచి ఎదువార్ మానే లాంటి కొద్దిమంది చిత్రకారులు మిగిలారు. మిగతావాళ్ళలో చాలామంది పేర్లు ఎవరికీ గుర్తులేవు.

ఒక్క విషయం మాత్రం తొందరగా దాటలేను. “మాత్రలు వేసుకుంటే బొమ్మ రాదక్కా” అని మందులు ఆపేసే పిల్లలున్నారు. దయచేసి ఆపకండి. ‘ది స్క్రీమ్’ గీసిన నార్వే చిత్రకారుడు మూంక్ 1908లో మనసు పూర్తిగా చెదిరి కోపెన్‌హాగన్‌లో ఆసుపత్రిలో నెలల తరబడి ఉన్నాడు. ఆ తర్వాత ముప్ఫై అయిదేళ్ళు పనిచేశాడు, ఓస్లో యూనివర్సిటీ హాల్లో ఉన్న ఆయన పెద్ద సూర్యుడి బొమ్మ చికిత్స తర్వాతిదే. జపాన్ చిత్రకారిణి యాయోయి కుసామా 1977 నుంచి టోక్యోలో మానసిక వైద్యశాలలో తనంతట తానే ఉంటూ, దగ్గర్లోని స్టూడియోలో పనిచేసుకుంది. మన ఊళ్ళో ‘ఎర్రగడ్డ’ అన్న మాటని తిట్టుగా వాడి వాడి, అక్కడ ఉన్నది మానసిక ఆసుపత్రి అనే మర్చిపోయాం. వెళ్ళడానికి బెరుకైతే ముందు సర్కారు వాళ్ళ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి ఫోన్ చేయండి, 14416, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

అమ్మానాన్నలకి ఒక మాట. మొన్న ఆ కుర్రాడి అమ్మ వెతుక్కుంటూ స్టూడియోకి వచ్చింది. చేతిలో టిఫిన్ డబ్బా. “మావోడు మంచిగనే ఉన్నడా మేడమ్? గడ్డం పెంచిండు, ఎవ్వరితోని మాట్లాడ్తలేడు. ఖరాబయిండని చుట్టాలంటున్రు” అంది. ఆమెని ప్రెస్ దగ్గరికి తీసుకెళ్ళి వాడి ప్రింటు ఒకటి చూపించాను. లిఫ్టులో నిలబడ్డ పదిమంది, అందరి మెడల్లో ఐడీ కార్డులు, ఒక్కడికి మాత్రం మొహం ఉంది. చాలాసేపు చూసి “ఇది మావోని ఆఫీసేనా?” అని అడిగింది. అవునన్నాను. ఆ బొమ్మ ఆ ఆఫీసుకి రోజూ వెళ్ళినవాడే గీయగలడు. వాడు చెడిపోలేదమ్మా, వాడికి పని ఉంది అని చెప్పాను. గడ్డం గురించి ఇక ఏమీ అనొద్దన్నాను.

వాడి నోటీస్ పీరియడ్ అరవై రోజులు. రాజీనామా వెనక్కి తీసుకుంటానంటే ఉంచుకుంటామని మేనేజరు చెప్పాడట. ఇంకా ఏ సంగతీ తేల్చుకోలేదు. మొన్న ఆదివారం వచ్చి లిఫ్టు సిరీస్‌లో నాలుగో ప్లేటు యాసిడ్‌లో వేశాడు, పన్నెండు నిమిషాలు. ఈక చేతిలో ఉన్నంతసేపూ ఫోను బ్యాగులోనే ఉంది. రిజిస్టరులో సంతకం పెట్టి, తర్వాతి తేదీ దగ్గర వచ్చే శనివారం అని రాసి వెళ్ళాడు.